నాన్న గురించి పదహారు పేజీలు రాయడం: నా అనుభవం

నాన్న 2024 నవంబరు 14 తెల్లవారుజామున నాలుగూ నలభైకి పోయారు. నిద్రలోనే. పక్క మంచం మీద ఉన్న అమ్మకి కూడా తెలియలేదు. ఆయనకు 76 ఏళ్లు. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు వేలిముద్ర వేసి, పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చారు. "ఇంకో ఏడాది దాకా గొడవ లేదు" అన్నారట అమ్మతో. ఆ జీవన్ ప్రమాణ్ కాగితం ఇంకా టీవీ పక్కన మడత పెట్టే ఉంది.

ఆయన పదిహేనేళ్లు సైన్యంలో పనిచేశారు. మద్రాస్ సాపర్స్ అంటారే, సైన్యంలో ఇంజనీర్ల దళం, బెంగళూరులో అల్సూరు చెరువు దగ్గర సెంటర్ ఉంటుంది, అందులో. 1966లో సిపాయిగా చేరి 1981లో హవల్దారుగా బయటికొచ్చారు. తరవాత ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, పని చేస్తూనే ఏఎంఐఈ (కాలేజీకి వెళ్లకుండా రాసే ఇంజనీరింగ్ పరీక్షలు) పూర్తి చేసి ఇంజనీరయ్యారు. నాగార్జునసాగర్ కుడికాలువ మీదే సర్వీసంతా గడిపి 2006లో రిటైరయ్యారు. ఈ ఐదు వాక్యాలు ఇప్పుడు తడుముకోకుండా రాస్తున్నాను. ఆయన పోయిన రోజు ఇందులో సగం కూడా నాకు కచ్చితంగా తెలియదు. నేను పెద్ద కూతుర్ని, నాకు 49 ఏళ్లు.

ఇలాంటి పని మీద పడ్డవాళ్లకి పనికొస్తుందని ఏ రోజు ఏం జరిగిందో రాస్తున్నాను.

మొదటి రోజు మధ్యాహ్నానికి నరసరావుపేట ఇల్లంతా జనం. నాన్న మీద జాతీయ జెండా కప్పాలని తమ్ముడు అన్నాడు. మా అందరికీ అదే సరైందనిపించింది, ఒకతను తేవడానికి బయల్దేరాడు కూడా. మా వీధి చివర ఉండే రిటైర్డ్ సుబేదారు గారు తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "బాబూ, ప్రభుత్వ లాంఛనాలతోనో సైనిక లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియల్లోనే జెండా కప్పాలి. మనంతట మనం కప్పకూడదు. ఈ రూలు మీ నాన్నే నలుగురికి చెప్పేవాడు" అన్నారు. తమ్ముడు ఏడ్చాడు. కాసేపటికి సుబేదారు గారూ, ఊళ్లోని మరో ఏడుగురు మాజీ సైనికులూ బ్లేజర్లు వేసుకుని, మెడల్స్ పెట్టుకుని వచ్చారు. పూలగుచ్ఛం పెట్టి వరుసగా నిలబడి సెల్యూట్ చేశారు. అందులో ఒకాయనకి మోకాళ్లు వంగవు. ఇద్దరు పట్టుకుంటే వంగి పాదాల దగ్గర పూలు పెట్టారు. మాకు ఆ మర్యాద చాలు అనిపించింది.

శ్మశానంలో చిన్న రసీదు ఇస్తారు. దాన్ని దాచుకోండి. ఇంట్లో పోయినవాళ్ల మరణం నమోదు చేయించడానికి మమ్మల్ని మొదట అడిగింది ఆ రసీదే. అప్పటికది మా బాబాయి చొక్కా జేబులో ఉంది, ఆ చొక్కా నీళ్లలో నానుతోంది. అదృష్టం కొద్దీ అంకెలు చెరిగిపోలేదు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఏ ఇబ్బందీ ఉండదు. మేం మూడో రోజు వివరాలిచ్చాం, 22న సర్టిఫికెట్ చేతికొచ్చింది. పది కాపీలు తీసుకున్నాం, ఎనిమిది ఖర్చయ్యాయి.

రెండో రోజు పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటన ఇచ్చాం. జిల్లా ఎడిషన్‌లో చిన్న డబ్బా, ఫొటోతో కలిపి ఏడు వేల రెండు వందలు. మాటలు తమ్ముడే రాశాడు. "1971 యుద్ధంలో ఢాకా విముక్తిలో పాల్గొన్న వీర జవాను, ఇరిగేషన్ ఇంజనీరు, మా ప్రియమైన తండ్రి" అని. నేను చదివి సరేనన్నాను. చెల్లెలూ సరేనంది. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

నాలుగో రోజు, అంటే 17న, నాన్న ఫోన్ మోగింది. ఆ ఫోన్ అమ్మ కొంగుకే కట్టి ఉంచింది. హోసూరు దగ్గర్నుంచి ఒక పెద్దాయన. మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి మా ప్రకటన ఆయన దాకా వెళ్లింది. మాట్లాడేది తెలుగే, కానీ యాస వేరు. ముందు ఏమీ చెప్పలేకపోయారు. ఏడుస్తూ "నా జోడీ పోయినాడమ్మా" అన్నారు రెండుసార్లు. తరవాత తేరుకుని, "పేపర్లో ఢాకా అని ఎవరు రాసినారు? మేము ఢాకా చూడనే లేదు. మేమున్నది పడమట దిక్కు, బసంతర్ నది కాడ" అన్నారు.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. నాన్న తన యుద్ధం గురించి ఎప్పుడూ దాచుకోలేదు. చిన్నప్పట్నుంచీ వందసార్లు చెప్పి ఉంటారు. కరెంటు పోయినప్పుడు, బస్సు కోసం చూస్తున్నప్పుడు, అల్లుళ్లు వచ్చినప్పుడు, మనవలు అన్నం తినకపోతే. అదే కథ. డిసెంబరు చలి, రాత్రి, బోర్లా పడుకుని పాకుతూ నేలలో మైన్లు వెతకడం. ఒక చేత్తో చువ్వ పట్టుకుని ఏటవాలుగా మట్టిలోకి మెల్లగా గుచ్చాలి, ఇంకో చెయ్యి మట్టి తడమాలి కాబట్టి దానికి గ్లౌజు ఉండకూడదు. నాన్న గ్లౌజులు ఎక్కడో పోయాయి. పక్కనున్న స్నేహితుడు తన జతలో ఒకటి తీసి నాన్నకి ఇచ్చాడు. "ఇద్దరికీ ఒక్క జత. నా చువ్వ చేతికొకటి, వాడి చువ్వ చేతికొకటి" అని, చివర్లో కుడిచెయ్యి ఎత్తి చూపించేవారు. అక్కడికి రాగానే మేం ముగ్గురం ఆయనతో పాటు ఆ మాట అనేసి నవ్వేవాళ్లం. అంత బాగా తెలిసిన కథ.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని ఒకరినొకరు అడిగాం. ఆ నది పేరేమిటి? తమ్ముడు బంగ్లాదేశ్ అన్నాడు, చెల్లెలు పంజాబ్ అంది. నాకైతే అందులో నది ఉన్నట్టే గుర్తులేదు. తారీఖు ఎవరికీ తెలియదు. ఆ తెల్లారి ఏమైందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే గ్లౌజు దగ్గరికొచ్చేసరికి మేం నవ్వి లేచిపోయేవాళ్లం. ఆ తరవాత ఇంకా ఏదో చెప్పేవారని అమ్మ అంది. "మీరు లేచిపోయాక నాకు చెప్పేవారు. నేను పప్పు కలుపుకుంటూ వినేదాన్ని" అంది. ఆమెకీ ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. "సగం దారే తీశాం, మిగతా సగం వాళ్ల గుండెతో దాటేశారు అనేవారు" అంది. ఎవరు దాటారో, ఏం దాటారో తెలియదు.

ఐదో రోజు పొద్దున అటక మీది నల్ల ట్రంకుపెట్టె దించాం. దాని మూత మీద తెల్లరంగుతో నాన్న ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. లోపల పైనే ప్లాస్టిక్ కవరులో డిశ్చార్జి బుక్. మీ ఇంట్లో మాజీ సైనికుడుంటే ఈ పుస్తకం ఎక్కడుందో ఇవాళే అడిగి తెలుసుకోండి. చేరిన తేదీ, వదిలిన తేదీ, ట్రేడు, మెడల్స్, పుట్టుమచ్చలు, పెళ్లాం పిల్లల వివరాలు, నడవడిక అన్నీ అందులోనే ఉంటాయి. నడవడిక దగ్గర 'ఎగ్జెంప్లరీ' అని ఉంది. మెడల్స్ దగ్గర పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్. 1971లో తూర్పున పోరాడినవాళ్లకి పూర్వీ స్టార్, పడమట పోరాడినవాళ్లకి పశ్చిమీ స్టార్ ఇచ్చారని సుబేదారు గారు చెప్పారు. ఆ ఒక్క మాటతో మా ఢాకా తప్పని తేలిపోయింది.

హోసూరు బాబాయికి (అప్పటికే అలా పిలవడం మొదలెట్టాను) మళ్లీ ఫోన్ చేశాను. ఆయన చెప్పింది కాగితం మీద రాసుకున్నాను. 1971 డిసెంబరు 15 రాత్రి. పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ వైపు, బసంతర్ నది అవతల మైన్లు పరిచిన నేల. ట్యాంకులు దాటడానికి అందులో దారి చెయ్యడం ఇంజనీర్ల పని. మైన్లు తీసినంత మేరా అటూ ఇటూ తెల్లటేపు పరవాలి. ఆ పని సగంలో ఉండగానే అవతల శత్రు ట్యాంకులు కదులుతున్నాయని కబురొచ్చింది. మనవైపు పూనా హార్స్ అనే రెజిమెంటు ట్యాంకులు ఇక ఆగలేదు. తియ్యని మైన్ల మీదుగానే ముందుకెళ్లిపోయాయి. మర్నాడు, 16న, అక్కడ జరిగిన ట్యాంకుల యుద్ధంలోనే సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ అమరుడయ్యాడు. పరమ వీర చక్ర వచ్చింది, వయసు 21. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందీ ఆ రోజే. లోకమంతా ఢాకా వైపు చూస్తున్న రోజు మా నాన్న బసంతర్ దగ్గర మట్టిలో ఉన్నారు. అమ్మ చెప్పిన "మిగతా సగం" అదీ.

గ్లౌజు సంగతి మాత్రం ఆయన్ని అడగలేదు. అది నాకు తెలిసిందే కదా అనుకున్నాను.

పెద్దకర్మ 24న. ఆ రోజు వచ్చినవాళ్లకి చిన్న పుస్తకం ఇవ్వాలని అప్పుడే అనుకున్నాం. పేపర్లో తప్పు పడింది కాబట్టి సరైనది అచ్చులో ఉండాలని తమ్ముడి పట్టుదల. పదహారు పేజీలు, రెండు వందల కాపీలు. ప్రెస్సు అతను మొత్తం తొమ్మిది వేల రెండు వందలన్నాడు. 21 సాయంత్రానికల్లా మేటర్ ఇస్తేనే కుదురుతుందన్నాడు. అంటే మాకున్నది మూడు రాత్రులు.

ట్రంకుపెట్టెలో డిశ్చార్జి బుక్ కింద లెవెల్ బుక్స్ ఉన్నాయి, పదకొండు. కాలువ పనుల్లో లెవెల్స్ (నేల ఎత్తుపల్లాలు) తీసేటప్పుడు రీడింగ్స్ రాసుకునే సన్న పుస్తకాలు. బ్యాక్ సైట్, ఇంటర్మీడియట్ సైట్, ఫోర్ సైట్ అని గళ్లు. ఇవి ఆఫీసులో అప్పజెప్పాల్సినవి కావు, సొంత డబ్బుతో కొనుక్కున్నవని అమ్మ చెప్పింది. మొదటి రెండూ తిరగేసి పక్కన పెట్టబోయాను. మూడోదాని చివరి పేజీల్లో గళ్ల పైన స్టేషన్ పేర్లకి బదులు మా పేర్లు కనిపించాయి.

మా ఎత్తులు. ప్రతి పుట్టినరోజుకీ నాన్న ఆఫీసు నుంచి లెవెలింగ్ స్టాఫ్ తెచ్చేవారు. ఎర్ర నలుపు గీతల పొడవాటి కర్ర అది. గోడకి ఆనించి, దాని ముందు నిలబెట్టి, తల మీద అట్ట పెట్టి చూసేవారు. ఏదో ఆట అనుకునేవాళ్లం. అవన్నీ ఇక్కడున్నాయి, కాలువ లెవెల్స్ రాసినట్టే మీటర్లలో, మూడు దశాంశాలతో. 1984లో తమ్ముడు 1.085. నేను 1.310. మరుసటి ఏడాది నాకు 1.365. పక్కన రిమార్క్స్ గడిలో పెన్సిల్‌తో "జ్వరం వచ్చి తగ్గింది, అయినా 55 మి.మీ." అని ఉంది. చెల్లెలి మొదటి రీడింగ్ పక్కన "నిలబడలేదు, పడుకోబెట్టి తీశాను". ఒక గడిలో అమ్మ కూడా ఉంది, 1.520, రిమార్క్స్‌లో "మార్పు లేదు". అమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. ఏమీ అనలేదు.

అదే పుస్తకం మొదటి సగంలో అద్దంకి బ్రాంచి కాలువ మీద ఎక్కడెక్కడ గండి పడిందో, ఎన్ని మట్టి బస్తాలు వేశారో ఉంది. రెండు సగాల్లోనూ ఒకే చేతిరాత, ఒకే శ్రద్ధ.

ఆరో రోజు ఒక ముసలాయన వచ్చారు. ఒకప్పుడు కాలువ మీద లష్కరుగా (తూములు తెరిచి మూసే పనిలో) చేశారట. తలపాగా తీసి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు, లోపలికి రమ్మన్నా రారు. కుర్చీ వేస్తే నేల మీదే కూర్చున్నారు. నాకు తెలియని నాన్నని ఈయనే చెప్పారు. నీళ్లు తక్కువైన ఏడు, వంతుల వారీగా వదులుతున్నారు. పై పొలాలవాళ్ల వంతు అయిపోయింది, తూము దించాలి. వాళ్లు గడ్డపారలతో వచ్చి అడ్డం నిలబడ్డారు. రాత్రి పదిన్నర. నాన్న ఎవరితోనూ వాదించలేదట. షట్టరు దింపించి, దాని మీది దిమ్మె మీద కూర్చుని, "నేను ఇక్కడే ఉంటాను. కింద చివరి పొలాలవాళ్లకి తెల్లారేలోపు నీళ్లు చేరాలి. మీకు కోపం ఉంటే నన్ను లేపి తెరుచుకోండి" అన్నారట. ఎవరూ లేపలేదు. తెల్లవార్లూ అలాగే కూర్చున్నారు. "మీ అమ్మగారు పంపిన క్యారేజీ నాకు పెట్టి, సారు టీ తాగి కూర్చున్నాడు తల్లీ" అన్నారాయన. అమ్మ లోపల్నుంచి విని, "ఆ రోజు క్యారేజీ ఖాళీగా వచ్చిందని సంతోషపడ్డాను" అంది.

రాయడం అనుకున్నంత తేలిక కాలేదు. ముగ్గురం పోట్లాడుకున్నాం కూడా. తమ్ముడికి యుద్ధం ఎక్కువ ఉండాలి. చెల్లెలికి ఆయన తనకి లెక్కలు చెప్పిన సంగతి ఉండాలి. నాకు ఆయన కోపం గురించి ఒక్క మాటైనా రాయాలనిపించింది. ఎందుకంటే ఆయనకి కోపం ఉండేది. నా పదో తరగతి మార్కులు చూసి మూడు రోజులు మాట్లాడలేదు. తమ్ముడు "చనిపోయినవాళ్ల గురించి ఇప్పుడు అదెందుకు" అన్నాడు. రాత్రి పన్నెండున్నరకి అమ్మ లేచొచ్చి, "రాయి. నాలుగో రోజు పొద్దున నీకు పెన్ను కొనుక్కొచ్చిందీ రాయి" అంది. ఆ పెన్ను సంగతి నేనే మర్చిపోయాను. రెండూ రాశాను.

ఈ పని చెయ్యబోయేవాళ్లకి ఒక్క మాట. తారీఖులు ముందు కాగితాల్లో చూసుకుని, కథల కోసం తరవాత మనుషుల దగ్గరికి వెళ్లండి. మేం తిరగేసి మొదలుపెట్టి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాం. ఏఎంఐఈ సెక్షన్ ఎ ఎప్పుడు, సెక్షన్ బి ఎప్పుడు పాసయ్యారని బంధువుల్ని అడిగితే తలా ఒక సంవత్సరం చెప్పారు. మార్కుల కాగితాలు ట్రంకుపెట్టె అడుగున పేపరు కింద పరిచి ఉన్నాయి. సెక్షన్ బి ఆయన మూడో ప్రయత్నంలో పాసయ్యారు. మాకెవ్వరికీ తెలియదు. నేను ఐదో తరగతి చదువుతున్నప్పుడు రాత్రిళ్లు వంటింట్లో లైటు వెలుగుతూ ఉండేది, ఆఫీసు పని అనుకునేదాన్ని.

21 సాయంత్రం ఆరింటికి మేటర్ ఇచ్చాం. 22న ప్రూఫ్. 23 రాత్రి పుస్తకాలొచ్చాయి, ఇంకా సిరా వాసనతో. పెద్దకర్మ రోజు భోజనాల ముందు తమ్ముడు నాలుగు పేజీలు చదివాడు. ఢాకా అని పేపర్లో వేయించింది తనేననీ, అది తప్పనీ అందరి ముందూ చెప్పాడు. మాజీ సైనికుల వరుసలోంచి సుబేదారు గారు లేచి నిలబడ్డారు. మాట్లాడతారేమో అనుకున్నాం. ఏమీ మాట్లాడలేదు, చదవడం అయ్యేదాకా నిలబడే ఉన్నారు.

ఇక కాగితాల పని. ఇది నాలుగున్నర నెలలు నడిచింది. నాన్నకి రెండు పెన్షన్లు. సైన్యానిది స్పర్శ్ (రక్షణ శాఖ పెన్షన్ల పోర్టల్) ద్వారా, రాష్ట్రానిది సబ్ ట్రెజరీ ద్వారా. నవంబరు 26న స్పర్శ్ పోర్టల్‌లో మరణం సంగతి తెలియజేశాం. నవంబరు నెల పెన్షన్ అప్పటికే లెక్కలోకి వెళ్లిపోయి నెలాఖరున ఖాతాలో పడింది. దాన్ని ముట్టుకోవద్దని సుబేదారు గారు ముందే హెచ్చరించారు. పోయిన రోజు వరకే పెన్షన్, మర్నాటి నుంచి ఫ్యామిలీ పెన్షన్. ఎక్కువ పడిన డబ్బు తరవాత వెనక్కి తీసుకుంటారు. అలాగే తీసుకున్నారు.

చిక్కంతా అమ్మ పేరు దగ్గర వచ్చింది. పెళ్లయిన కొత్తలో నాన్న రికార్డుల్లో రాయించింది అమ్మని పుట్టింట్లో పిలిచే ముద్దుపేరు. ఆధార్‌లో, పాన్‌లో ఉన్నది నిండు పేరు. పుట్టిన తేదీలోనూ రెండేళ్ల తేడా. ఇద్దరూ ఒకరేనని నూరు రూపాయల స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించాం, నోటరీకి ఐదు వందలు. డిసెంబరు 9న సైన్యం రికార్డ్స్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. జనవరి 17న సరిచేసినట్టు జవాబొచ్చింది. ఆ ఐదు వారాలూ రోజుకి రెండుసార్లు గేటు దగ్గరికెళ్లి చూసేదాన్ని. నిజానికి నాన్న ఉండగానే ఇద్దరూ కలిసి వెళ్లి ఈ సవరణ చేయించుకుంటే ఒక్క అప్లికేషన్‌తో పోయేది. మీ ఇంట్లో పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) మీద భార్య పేరు, పుట్టిన తేదీ ఒక్కసారి ఆధార్‌తో పోల్చి చూసుకోండి.

మధ్యలో ఒకచోట మాకు సహాయం చెయ్యాల్సిన మనిషే "రెండు ఫ్యామిలీ పెన్షన్లు రావు, ఏదో ఒకటి వదులుకుంటామని రాసివ్వండి" అన్నాడు. కాగితం టైప్ చేసి పెట్టాడు, అమ్మ సంతకమే తక్కువ. అమ్మ పెన్ను తీసుకుంది కూడా. ఎందుకో నాకు అనుమానమొచ్చి బయటికొచ్చి సుబేదారు గారికి ఫోన్ చేశాను. "సంతకం పెట్టొద్దు. 2012 సెప్టెంబరు 24 నుంచి రెండూ తీసుకోవచ్చు" అన్నారు. ఆ ఉత్తర్వు ఫొటో పంపారు. చూపించాక అతను కాగితం చించేశాడు, అంతే. ఆ ఒక్క ఫోన్ చెయ్యకపోయి ఉంటే అని ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. నాన్న ముప్పై తొమ్మిదేళ్లకి పైగా చేసిన రెండు ఉద్యోగాల్లో ఒకటి ఆ సంతకంతో చెరిగిపోయేది.

ట్రెజరీ పెన్షన్ ఫిబ్రవరి మొదట్లో మొదలైంది. ఇసిహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు అమ్మ పేరు మీదికి మార్చడానికి వేరే అప్లికేషన్. అమ్మకి బీపీ మందులు అక్కడివే కాబట్టి దాన్ని ముందు పెట్టుకోవాల్సింది, మేం ఆలస్యం చేశాం. రెండు నెలలు మందులు బయట కొన్నాం. స్పర్శ్‌లో ఫ్యామిలీ పెన్షన్ మార్చి 6న మంజూరైంది, బకాయితో సహా నెలాఖరున డబ్బు పడింది. మెసేజ్ వచ్చినప్పుడు అమ్మ బియ్యం ఏరుతోంది. చదివి వినిపించాను. "నా నిండు పేరే పడిందా?" అని అడిగింది. పడిందన్నాను. "ఆయన ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు" అంది.

అంతా అయిపోయిందనుకున్నాక, ఏప్రిల్ 6న హోసూరు బాబాయి ఫోన్ చేశారు. పుస్తకం నవంబరులోనే పంపాం. ఆయన మాట్లాడేది తెలుగైనా చదివింది అరవం. తెలుగు చదవడం రాదు. మధ్యలో కంటి ఆపరేషన్. చిత్తూరు నుంచి వచ్చిన కోడలు మొన్న కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించిందట.

"అమ్మా, అంతా బాగుంది. ఆరో పేజీలో ఒకటి తప్పు" అన్నారు.

"ఏం బాబాయ్ గారూ? తారీఖా?"

"గ్లౌజు. నేను వానికి ఇయ్యలేదు. నావి పోయినాయి. వాడే నాకు ఇచ్చినాడు."

నాన్న అలా చెప్పలేదని, వందసార్లు విన్నామని అన్నాను. "నాకు తెలీదా అమ్మా? ఆ గ్లౌజు నా కుడిచేతికి ఉండె" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "వాడు ఎందుకట్ల చెప్పినాడో" అని మళ్లీ ఆయనే అన్నారు.

అమ్మకి చెప్పాను. తమ్ముడికీ చెల్లెలికీ ఫోన్ చేశాను. తమ్ముడు ఆదివారం వచ్చాడు. మిగిలిన కాపీలు లెక్కపెడితే 22 ఉన్నాయి. ఎలా దిద్దాలో నాన్నే నేర్పారు. కాలువ పనుల కొలతలు రాసే ఎం బుక్‌లో తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లది పూయకూడదు, పేజీ చించకూడదు. పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం, తేదీ. మా హోంవర్కు పుస్తకాలు కూడా అలాగే దిద్దించేవారు.

తమ్ముడు స్కేలు తెచ్చాడు. మొదటి కాపీ తెరిచి, "తన జతలో ఒకటి తీసి నాన్నకి ఇచ్చాడు" అన్న వాక్యం కింద స్కేలు పెట్టాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"కొట్టెయ్యకు" అంది. "ఆయన చెప్పిందీ ఉండనీ. పక్కన ఈయన చెప్పిందీ రాయి."

స్కేలు తీసేశాను. మార్జిన్‌లో నీలం పెన్నుతో రాశాను: "ఇచ్చింది నాన్నే అని, తీసుకున్న ఆయన చెప్పారు. 6-4-2025." కింద ముగ్గురం పొట్టి సంతకాలు పెట్టాం, చెల్లెలిది వీడియో కాల్‌లో అడిగి నేనే పెట్టాను. ఒక్కో కాపీకి రెండు మూడు నిమిషాలు పట్టింది. 22వది హోసూరుకి పోస్టు చేశాం.